పాప పాలు మరిచే రోజున ఖమ్మంలో

ఖమ్మంలో చూడడానికి ఏముందని ఎవరైనా అడిగితే మొన్న మే నెల దాకా నా దగ్గర జవాబు లేదు. మా జూలూరుపాడు వాళ్లకు ఖమ్మం అంటే పెద్ద దవాఖానా, పెళ్లి బట్టలు, డిగ్రీ పరీక్షలు. బస్సులో పోయినప్పుడల్లా గుట్ట మీద ఖిల్లా గోడ కనిపించేది. ఎక్కాలని ఎన్నడూ అనిపించలేదు.

నేనూ మా ఆయనా ఆ గోడ ఎక్కింది కూడా ఖిల్లా మీద ప్రేమతో కాదు. మా పాప మిన్నుకు పాలు మాన్పించాలంటే ఒక పగలంతా నేను దాని కంటికి కనపడకూడదు. ఎక్కడికో ఒక చోటికి పోవాలి కాబట్టి ఖమ్మం పోయాం.

మిన్నుకు ఏడాదిన్నర. జూన్‌లో బడులు తెరవగానే నేను భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న ఒక గురుకులంలో లెక్కల టీచరుగా చేరాలి. రాత్రి డ్యూటీలు ఉంటాయి, అక్కడే ఉండాలి, చంటిపిల్లను వెంట ఉంచుకోవడం కుదరదు. పాప మా అత్తమ్మ దగ్గర ఉంటుంది. ఇంత వరకు అందరం ఒప్పుకున్నదే. ఒప్పుకోనిది మిన్ను ఒక్కతే. వేపాకు నూరి పూసుకుంటే మొహం వికారంగా పెట్టి, నాలుకతో తుడిచి, మళ్లీ తాగింది.

“నువ్వు కనవడితే అది మానదు బిడ్డా,” అన్నది అత్తమ్మ. “నా కొడుకుకు మాన్పించినప్పుడు నేను గూడ మా అక్క ఇంటికి వొయ్యిన. ఇద్దరు పొద్దుగాల్నే పోండ్రి. పిల్ల పన్నంక రాండ్రి. ఫోన్ జెయ్యకు, నీ గొంతు ఇంటె మళ్ల మొదటికొస్తది. పాలు పిండకు, పిండినకొద్ది ఊరుతయ్. వచ్చేటప్పుడు రెండు మూరల మల్లెపూలు తే, కట్టుకుందువు.”

మా వైపు పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు రొమ్ముకు కట్టుకుంటారు. తలలో పెట్టుకోవడం తప్ప ఆ పూలకు ఇంకో పని ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఏన్కూరు దాటేదాకా

పాప నిద్రలేవకముందే బయటపడ్డాం. నేను రాత్రి కట్టుకున్న చీరను దాని పక్కన కుప్పగా పెట్టి వచ్చాను. గడప దాటుతుంటే “ఎనకకు చూడకు” అన్నది అత్తమ్మ. చూడలేదు. బస్సు ఏన్కూరు దాటేదాకా ఒళ్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడాదిన్నరగా ఆ చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒక బరువు ఉంది.

మా ఆయన రమేష్ మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. కిటికీ పక్క సీటు నాకిచ్చి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. పెళ్లయ్యాక మేమిద్దరమే కలిసి ఎక్కిన మొదటి బస్సు అది. మాట్లాడుకోవడానికి మాకు పాప తప్ప ఇంకో విషయం లేకుండా పోయిందని నాకు అప్పుడు తెలిసింది. దాని గురించి మాట్లాడొద్దని ముందే అనుకున్నాం.

ఖిల్లా మీద కొత్త జంట

ఎక్కాలనుకునే వాళ్లు పొద్దున్నే ఎక్కండి. తొమ్మిది దాటితే బండ కాలడం మొదలవుతుంది. వెయ్యేళ్ల నాటి కోట అంటారు. రాళ్ల మధ్య సున్నం కనపడదు. పెద్ద పెద్ద నల్లరాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. కొన్ని చోట్ల మెట్లను రాతిలోనే చెక్కారు. వాటి పక్కన ఇనుప కడ్డీ పట్టుకుని నడవాలి. సగం దూరంలో నా చెప్పు తెగింది. రెండూ చేత్తో పట్టుకుని మిగతాది వట్టి కాళ్లతో ఎక్కాను.

పైన గాలి బాగుంది. ఊరంతా కింద పరుచుకుని ఉంది. నీళ్ల ట్యాంకులు, మసీదు మినార్లు, రైలు పట్టాలు. మా ఊళ్లో ఎత్తు అంటే మేడ మీద మిరపకాయలు ఆరబోసే చోటు. ఇక్కడి నుంచి మా ఊరు ఏ వైపు ఉంటుందో నేను వెతికాను. తూర్పు అనుకున్న వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ వేళకు మిన్ను లేచి ఉంటుంది. మొదట మంచం తడుముతుంది.

ఫిరంగి దగ్గర మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన మా వెంట పడ్డాడు. “సార్, ఫోటో సార్, కొత్త జంటనా?”

“అవ్,” అన్నాడు రమేష్.

“గట్లనే కనవడుతున్రు సార్. మేడం, జర నవ్వున్రి. సార్ దిక్కు జరుగున్రి. గొడవ వెట్టుకున్నట్టు నిలవడ్డరేంది?”

యాభై రూపాయలకు ఫోటో అక్కడికక్కడే చేతికిచ్చాడు. ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను. చెప్పులు చేతిలో ఉన్నాయి. నన్ను బాధపెట్టింది ఫోటో కాదు, ఆ ‘అవ్’. ఒక్క మాటతో రమేష్ పాపను లేకుండా చేశాడు. ఎందుకట్లా అన్నావని అడగలేదు. ఆయన దిగుతూ రెండుసార్లు వెనక ఆగిపోయి, చెవికి ఫోన్ ఆనించుకున్నాడు. ఆఫీసు వాళ్లేమో అనుకున్నాను.

హోటల్లో పప్పు చల్లారిపోయింది

చెప్పు కుట్టించుకుని బజారు వైపు నడిచాం. ఖమ్మం మనుషులు మా వాళ్ల కంటే వేగంగా మాట్లాడతారు, నెమ్మదిగా దారిస్తారు. మధిర వైపు నుంచి వచ్చిన వాళ్ల మాట వింటే ఆంధ్రా సినిమా విన్నట్టు ఉంటుంది. మా దగ్గర హోటల్లో కూర్చోగానే చెంబుతో నీళ్లు పెడతారు. ఇక్కడ బల్ల మీద సీసా పెట్టి, మూత తిప్పకముందే డబ్బులు చెప్తారు. కానీ దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి నిజంగా బాగున్నాయి. రెండోసారి అన్నం వేయించుకున్నది ఆయన. నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా పాలివ్వలేదు. రెండు రొమ్ములూ రాళ్లలా గట్టిపడ్డాయి. చేయి కొంచెం పైకెత్తినా చంకలోకి నొప్పి లాగుతోంది.

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి చేయి కడుక్కోవడానికి లేచాడు. లేస్తూ ఆయన వేలు ఎక్కడ తగిలిందో తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ ఒకటి మోగి, ఫోన్ లోంచి ఏడుపు వచ్చింది.

మిన్ను ఏడుపు. దాని వెనక అత్తమ్మ గొంతు. “ఇగో ఇను, పొద్దుగాల్నుంచి గిదే కత. ఇందాక కక్కింది గూడ. నువ్వైతే నీ పెండ్లానికి జెప్పకు.”

పక్క బల్ల దగ్గర వాళ్లు ఇటు తిరిగారు. నా చెవి ఆ ఏడుపును విన్నదో లేదో, నా ఒళ్లు విన్నది. సూదులు గుచ్చినట్టు జివ్వుమంది. జాకెట్టు రెండు వైపులా తడిసిపోయింది. కొంగు ముందుకు లాక్కుని, రెండు చేతులూ కట్టుకుని కూర్చున్నాను.

రమేష్ పరుగున వచ్చి ఫోన్ ఆపాడు.

“ఎన్నిసార్లు ఇన్నవ్?” అన్నాను.

“నాలుగు.”

“నాకెందుకు జెప్పలే?”

“చెప్తే నువ్వు బస్సెక్కుతవ్ లతా.”

“ఖిల్లా మీద కొత్త జంటనా అంటె అవ్ అన్నవ్. నీ చెవుల బిడ్డ ఏడుపు పెట్టుకోని అన్నవ్.”

“పిల్ల ఏదంటడని అన్న,” అన్నాడు తల దించుకుని. “పిల్ల ఉందంటె పిల్ల ఏదంటడు. ఏం జెప్పాలె?”

హోటలాయన బిల్లు తెచ్చి, మా మొహాలు చూసి, బల్ల మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు.

బస్టాండు పది నిమిషాల దూరం. వెళ్లిపోదామా అని ఆయన అడిగితే వెళ్లిపోయేదాన్నే. ఆయన అడగలేదు. నేను అనలేదు. ఇప్పుడు పోతే ఇవాళంతా పాప ఏడ్చింది వృథా అవుతుంది, రేపు మళ్లీ ఏడవాలి. గురుకులం తెరవడానికి పది రోజులే ఉంది. లెక్క సరిగ్గానే ఉంది. లెక్కల టీచర్ని కదా.

మెట్ల బావి పక్క సందు

ఖిల్లా కింద ఒక మెట్ల బావి ఉంది. లోపలికి దిగిన కొద్దీ చల్లగా, తడిగా, రాతి వాసన. పాత రోజుల్లో ఇంత లోతు తవ్విన వాళ్లు నీళ్ల కోసం ఎంత దూరం ఆలోచించారో అనిపిస్తుంది. రమేష్ కింది మెట్టు దాకా దిగి ఫోటోలు తీస్తున్నాడు. నాకు కింది దాకా దిగడం సాధ్యం కాలేదు. ప్రతి మెట్టుకూ ఒళ్లు అదురుతోంది. “బాత్రూంకు పోయొస్త” అని చెప్పి పక్క సందులోకి నడిచాను. ఎక్కడికో తెలియదు. ఒక గోడ నీడ దొరికితే చాలనిపించింది.

నీలం తలుపు ఇంటి ముందు అరుగు మీద ఒక ముసలామె చీరకు ఫాల్ కుడుతోంది. పక్కింటి పిల్లలు ఆమెను అమీనమ్మా అని పిలుస్తున్నారు. సూది ఆపి నన్ను కింది నుంచి పైకి చూసింది. కొంగు దాచలేనంతగా జాకెట్టు తడిసింది.

“పిల్ల ఏడుంది?” అన్నది.

ఆ రోజు నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

“ఇంటికాడ. మాన్పిస్తున్నం.”

“నువ్వు గిట్ల వచ్చినవా? మర్ద్ ఏడి?”

“బావి చూస్తుండు.”

“చూడనీ. బావి యాడికి పోదు.” తలుపు నెట్టింది. “లోపటికి రా బేటా. గిట్ల గట్టివడితె జ్వరమొస్తది. కొంచెం తియ్యి. మొత్తం తియ్యకు.”

చిన్న వాకిలి. ఒక మూల రేకు పొయ్యి, గోడకు మేకులకు కళాయి పూసిన గిన్నెలు. ఆమె భర్త ఉన్నన్నాళ్లు కళాయి పని చేసేవాడట. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ పని పోయిందట. స్టీలు గ్లాసు కడిగి నా చేతికిచ్చి, వీపు తిప్పి కూర్చుని మళ్లీ సూది పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. నొప్పికా, ఆమె వీపుకా తెలియదు. ఇన్ని గంటల్లో ఎవరో ఒకరు నన్ను చూసి, చూడకుండా ఉండాల్సినప్పుడు చూడకుండా ఉన్నారు.

“నీకెందరమ్మా?” అని అడిగాను, ఊరికే ఉండలేక.

“నలుగురు. నేను ఎవ్వలకు మాన్పించలే. ఒకని ఎనక ఒకడొచ్చి వాళ్లే మాన్పించుకున్రు. ఆఖరోడు మాత్రం నాలుగేండ్లు తాగిండు. బడికి పొయ్యొచ్చి తాగిండు. ఇప్పుడు వానికి గడ్డం నెరిసింది, యాది జేస్తే తిడ్తడు.”

నవ్వొచ్చింది. గ్లాసు సగానికి పైగా నిండింది. మురుగు పోయే మోరీ వైపు నడవబోతే ఆమె అరిచినంత పని చేసింది.

“అరె, మోర్ల పొయ్యకు! తొక్కుడువడే కాడ పొయ్యొద్దు అవి. ఇగో ఇను. ఎండిపోవాల్నంటె ఆ ఎండల బండ మీద పొయ్యి. ఉండాల్నంటె చెట్టు మొదట్ల పొయ్యి. నీకేది కావాల్నో అది జెయ్యి.”

వాకిట్లో ఎడమ వైపు బట్టలుతికే బండ. మే నెల ఎండకు తెల్లగా మెరుస్తోంది. కుడి వైపు గోడ వారన మోకాలెత్తు గోరింట మొక్క, ఆకులు వాడి వేలాడుతున్నాయి. నేను ఎమ్మెస్సీ చదివాను. గ్లాసులో పాలు ఎక్కడ పోసినా నా ఒంట్లో ఏమీ మారదని తెలుసు. అయినా కాళ్లు కదల్లేదు. పొద్దుటి నుంచి అత్తమ్మ చెప్పింది, రమేష్ చెప్పాడు, ఉద్యోగం కాగితం చెప్పింది. నీకేది కావాలని అడిగింది ఈమె.

వంగి, గోరింట మొదట్లో పోశాను. నేల ఒక్కసారిగా పీల్చేసింది.

అమీనమ్మ చూసింది. “నౌకరీ ఉందా బిడ్డా?”

“వచ్చే నెల చేరాలె. దూరం.”

“వదిలేస్తవా?”

“లేదు.”

“మరి చెట్టు మొదట్ల ఎందుకు వోసినవ్?”

ఆమె దారం పళ్లతో తెంపి, “నా మెహందీకి నసీబున్నది,” అన్నది. “ఈ ఎండలకు నీళ్లే దొర్కయి, పాలు తాగింది.”

డబ్బులిస్తానేమో అని భయపడ్డట్టు నా చేతిలోంచి గ్లాసు లాక్కుని, పొడి తువ్వాలు మడిచి ఇచ్చింది జాకెట్టు లోపల పెట్టుకోమని. ఆ తువ్వాలు ఇంకా నా దగ్గరే ఉంది.

బావి దగ్గర రమేష్ చెమటలతో నిలబడి ఉన్నాడు. “ఇంతసేపు యాడికి వొయ్యినవ్? భయపడ్డ.”

“బాత్రూం దొరకలే,” అన్నాను.

పూలు

కమాన్ బజారులో ఆడవాళ్లకు కావలసినవన్నీ దొరుకుతాయి. గాజులు, గిన్నెలు, లంగాలు, పసుపు. నడవడానికి సందు ఉండదు. ఒకరి భుజం తగులుతుందని నేను రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని నడిచాను. పూలామె బుట్టలో మల్లెలు ఇంకా మొగ్గలే.

“రెండు మూరలియ్యమ్మా,” అన్నాడు రమేష్. ఆయన గొంతులో సంబరం ఉంది. పూలు కొనిచ్చి చాలా రోజులైంది మరి. “ఇటు తిరుగు, నేను పెడత.”

“ఇవి తలకు గాదు.”

“మరి?”

పూలామె ఇద్దర్నీ చూసి చప్పున అర్థం చేసుకుంది. “మాన్పిస్తున్నవా చెల్లె? అయితే గట్టి మొగ్గలిస్త, రెండు రోజులుంటయ్,” అని ఇంకో దండ తీసింది. రమేష్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పొట్లం తీసుకుని బ్యాగులో పెట్టాడు. నాలుగడుగులు నడిచి, వెనక్కి పోయి, ఇంకో మూర తెచ్చాడు.

“ఇది తలకు,” అన్నాడు.

పెట్టుకున్నాను. సందులో జరిగింది అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది. ఆయన మొహం చూస్తే, పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఆ ఏడుపు ఒక్కడే విని మోసిన మొహం. దాని మీద ఇంకోటి పెట్టలేకపోయాను.

గుట్ట మీద కబురు

సాయంత్రం నరసింహస్వామి గుట్ట ఎక్కాం. ఆ స్వామి రాతి స్తంభం, అంటే కంబం, పేరు మీదే ఈ ఊరికి ఖమ్మం అనే పేరు వచ్చిందని పూజారి చెప్పాడు. పులిహోర దొన్నెలో పెట్టిచ్చారు. నేను పొద్దుటి నుంచి తృప్తిగా తిన్నది అదొక్కటే. గోడ పక్కన కూర్చుంటే ఖిల్లా ఎదురుగా ఎర్రబడుతోంది.

రమేష్ ఫోన్ మోగింది. ఈసారి పక్కకు పోలేదు. నా చెవి దగ్గర పెట్టాడు.

“పన్నది,” అంటోంది అత్తమ్మ. గొంతు అలిసిపోయి ఉంది, గెలిచినట్టు కూడా ఉంది. “రెండింటికి పెరుగన్నం తిన్నది. నీ పెండ్లాం చీర మీదికెల్లి పిల్లను తీసి నా ఒళ్లె ఏసుకున్న. గట్లనే పన్నది. లేసి ఆడుకుంటున్నది ఇప్పుడు. ఇంక భయం లేదని చెప్పు.”

మిన్ను పుట్టినప్పటి నుంచి నేను లేకుండా ఒక్క మధ్యాహ్నం కూడా నిద్రపోలేదు. ఈ కబురు కోసమే ఇంత దూరం వచ్చాం, ఇంత నడిచాం. రమేష్ నా చేయి పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. చుట్టూ జనం దండం పెట్టుకుంటున్నారు, కొబ్బరికాయలు కొడుతున్నారు. ఆ గుట్ట మీద నా అంత ఒంటరిగా ఇంకెవరూ లేరనిపించింది.

తెల్లారి

మేం చేరేసరికి పాప నిద్రలో ఉంది. అత్తమ్మ చెప్పినట్టే మల్లెమొగ్గలు లోపల పరుచుకుని, మెత్తటి పాత గుడ్డతో కట్టుకుని పడుకున్నాను.

పొద్దున మిన్ను తానే మంచం దిగి నా దగ్గరికి నడిచి వచ్చింది. ఎప్పటిలా చేయి నా మెడ కిందికి పోయింది. మొహం ఆనించింది. ఆగింది. వాసన చూసింది. అది రోజూ చూసే వాసన కాదు. నా మొహం వైపు చూసింది, ఈమె ఎవరా అన్నట్టు.

“పూ,” అన్నది.

“పూలు,” అన్నాను.

కొంగులోంచి ఒక మొగ్గ లాగి, దాన్ని పట్టుకుని అత్తమ్మ దగ్గరికి పోయింది. “బువ్వ” అని అడిగింది. ఏడవలేదు. నేనూ అత్తమ్మ ముందు ఏడవలేదు.

అడవి అంచున

ఇది గురుకులంలో నా గదిలో కూర్చుని రాస్తున్నాను. పడక హాల్లో పిల్లలు కోయ భాషలో గుసగుసలాడి నిద్రపోయారు. డ్యూటీ పుస్తకంలో సంతకం అయిపోయింది. ఆదివారం ఆదివారం ఇంటికి పోతాను. మిన్ను నన్ను చూసి పరుగెత్తుకొస్తుంది. ముద్దు పెడుతుంది. ఇంకేమీ అడగదు.

పాలు మాత్రం వెంటనే పోలేదు. చేరిన మొదటి వారం కూడా ఉన్నాయి. మొత్తం తియ్యొద్దని అమీనమ్మ అన్నట్టే, నొప్పి తగ్గేంత వరకు స్టీలు గ్లాసులోకి తీసి, గది వెనక బొప్పాయి చెట్టు మొదట్లో పోసేదాన్ని. బట్టలారేసే బండ పక్కనే ఉంటుంది. ఒక్కసారి కూడా దాని మీద పోయలేదు. రోజు రోజుకూ గ్లాసులో మట్టం దిగింది. గ్లాసు అడుగు తడిసేంత, తర్వాత నాలుగు చుక్కలు. ఇవాళ చూశాను, గ్లాసు పొడిగానే ఉంది. కాసేపు దాన్ని పట్టుకునే కూర్చున్నాను. రమేష్‌కు ఫోన్ చేసి చెబుదామని నంబరు దాకా పోయి, ఫోన్ పక్కన పెట్టేశాను.

మీరు ఖమ్మం పోతే ఖిల్లా తప్పకుండా ఎక్కండి. గట్టి చెప్పులు వేసుకోండి. దిగాక మెట్ల బావి పక్క సందులోకి నాలుగడుగులు వేయండి. నీలం తలుపు ఇల్లు. లోపలికి పోనక్కర్లేదు, ఎవర్నీ అడగనక్కర్లేదు. గోడ మీదుగా గోరింట కొమ్మలు కనిపిస్తున్నాయేమో చూడండి. మేం వెళ్లిన రోజు అది నా మోకాలి దాకే ఉంది.